కిటికీ బిరడాలు

మా తోడికోడలికీ నాకూ పడదని మా వీధి వీధంతటికీ తెలుసు. ఒకే ఇంట్లో రెండు గదులు వాళ్ళవి, ఒక గది మాది, వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఆ ఒక్క వంటింట్లో పదకొండేళ్ళు గిన్నెలు మోగించుకుంటూ బతికాం. నేను తుడిచిన పొయ్యిని ఆవిడ మళ్ళీ తుడిచేది. ఆవిడ కడిగిన గ్లాసును నేను వెలుతురుకు పట్టి చూసేదాన్ని. శుభ్రం విషయంలో ఇద్దరికిద్దరం సరిపోయాం. మా బావగారు కుట్టుమిషను మీదనుంచి తల ఎత్తకుండానే, పాపం ఆ గిన్నెలేం చేశాయి, వాటినొదిలేసి మీరూ మీరూ జుట్లు పట్టుకోండి అనేవారు.

నాకు ఉద్యోగం ఇప్పించింది మాత్రం ఆవిడే. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. డిపోలో బస్సులు కడిగేవాళ్ళు కావాలన్నారట. ఇంటికొచ్చి, నా మొహం చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పింది: ఇంట్లో ఎటూ తోమిందే తోముతున్నావు, అక్కడ తోమితే జీతమైనా ఇస్తారు అని. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే వెళ్ళి చేరాను.

నేను చెప్పేది ఆ జబ్బు వచ్చిన ఎండాకాలం సంగతి. ముందు బస్సులన్నీ ఆపేశారు. నెలన్నర గడిచాక, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళ కోసం, మార్కెట్లకు పోయేవాళ్ళ కోసం మా డిపోనుంచి నలభై బస్సులు తిప్పుతామన్నారు. మా ఆయన వంట చేసే హోటలు మూతపడింది. బావగారికి కుట్టడానికి బట్ట తెచ్చే నాథుడు లేడు. మగవాళ్ళిద్దరూ చెరో గోడకూ జారగిలబడి కూర్చుంటే, ఆడవాళ్ళం ఇద్దరం తెల్లవారుతూనే మూతికి గుడ్డలు కట్టుకుని డిపోకు నడిచేవాళ్ళం. ఆవిడ ముందు, నేను ఆరడుగులు వెనక. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని అప్పుడు ఊరంతా మైకుల్లో చెప్పేవారు. మా ఇద్దరికీ అది కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాలేదు.

డిపో గోడకు ఒక కాగితం అంటించారు. బస్సు వచ్చిన ప్రతిసారీ పట్టుకునే కడ్డీలు, సీట్ల వీపులు, మెట్ల దగ్గర గొట్టాలు మందునీళ్ళతో తుడవాలి. రోజుకు రెండుసార్లు లోపలంతా పంపుతో మందు కొట్టాలి. కొట్టాక కిటికీలు మూసి ఉంచవలెను. మా మేస్త్రీ వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి వినిపించాడు. మూసి ఉంచవలెనని ఉంది. మళ్ళీ ఎప్పుడు తెరవవలెనో ఎక్కడా లేదు. మాలో ఒక్కరికైనా ఆ సందేహం రావాలి కదా, రాలేదు. మందు కొట్టిన చోట కిటికీలు బార్లా తీసిపెట్టుకునే తెలివితక్కువవాళ్ళు ఎవరుంటారు అనుకున్నాం.

ఒక్కో బస్సుకు ఇరవై రెండు అద్దాలు, పక్కకు జరిగేవి. దుమ్ముపట్టి, తుప్పుపట్టి, మూయబోతే రావు. ఎలాగో మూస్తే, బస్సు కుదుపులకు వాటంతటవే జారి తెరుచుకుంటాయి. ఇక ప్రయాణికుల సంగతి చెప్పక్కర్లేదు, కూర్చోగానే చేయి కిటికీ మీదకే పోతుంది. పొద్దున వీపు విరుచుకుని నేను కొట్టిన మందు మొదటి ట్రిప్పుకే గాలికి కొట్టుకుపోయేది. సాయంత్రం బస్సు ఎక్కితే చెమటకంపు తప్ప మందు వాసనే ఉండేది కాదు. వాసన ఉంటే మందు ఉన్నట్టు, వాసన పోతే మందు పోయినట్టు. ఆ లెక్క ఎవరు పెట్టారో నాకు తెలియదు, డిపోలో అందరం అదే నమ్మాం.

నాలుగు రోజులు చూశాను. ఐదోరోజు టైర్ల షెడ్డు వెనక పడున్న పాత ట్యూబు ఒకటి తెచ్చి, బొటనవేలంత ముక్కలుగా కోశాను. అద్దాన్ని మూసి, అది జరిగే గాడిలో రబ్బరు ముక్కను అడ్డంగా కూరి, చెప్పు మడమతో రెండు దెబ్బలు వేశాను. అద్దం ఇటు కదలదు, అటు కదలదు. మేస్త్రీ వచ్చి ఒక చేత్తో లాగాడు, తర్వాత రెండు చేతులా లాగాడు, ఆఖరికి కాలు తన్నిపెట్టి లాగి, సీసాకు బిరడా కొట్టినట్టు కొట్టావేంటమ్మా అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. వారం తిరిగేసరికి నలభై బస్సులకూ బిరడాలు పడ్డాయి. మేనేజరు స్వయంగా వచ్చి ఫోటో తీసుకున్నాడు, మిగతా డిపోలకు కూడా పంపిస్తానన్నాడు.

నా పేరు కూడా బిరడా అయిపోయింది. బిరడా వచ్చిందా, బిరడా టీ తాగిందా, బిరడాను అడగండి. పుట్టి బుద్ధెరిగాక నా తెలివి గురించి నలుగురూ మాట్లాడుకోవడం అదే మొదలు. దాచుకోవడం ఎందుకు, నాకు చాలా గర్వంగా ఉండేది.

మొట్టమొదటి బిరడా కొట్టింది అక్క బస్సుకే. తోడికోడల్ని నేను అక్కా అనే పిలిచేదాన్ని, పోట్లాటలో కూడా. డ్యూటీ చార్టులో ఆవిడకు పెద్దాస్పత్రి రూటు పడిందని చూసినప్పుడే నాకు భయం పట్టుకుంది. నర్సులు, వార్డుల్లో నేలలు తుడిచేవాళ్ళు, రోగుల తాలూకువాళ్ళు, అందరూ ఎక్కే బస్సు అది. ఆవిడకేమీ కాకూడదు. ఆ ఎండాకాలమంతా నా బుర్రలో తిరిగిన మాట అదొక్కటే. మిగతా బస్సులకు పూటకు ఒకసారి కొట్టే మందు ఆవిడ బస్సుకు ఎవరూ చూడకుండా రెండుసార్లు కొట్టేదాన్ని. అది ప్రేమేనా అని అప్పుడెవరైనా అడిగితే మాత్రం చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. ఆవిడ పోతే నేను పోట్లాడేదెవరితో అని తప్పించుకునేదాన్ని.

ఒక సాయంత్రం చూస్తే, కండక్టరు సీటు పక్క అద్దం జానెడు తెరిచి ఉంది. తలపిన్నుతో బిరడాను పెకిలించింది మహాతల్లి. మూసి, ఈసారి రెండు కొట్టాను. ఇంటికి రాగానే వంటింట్లో అందుకుంది.

"నా సీటు పక్కది తీసెయ్యి. ఉడికిపోతున్నాను. కళ్ళు మంటలు. ఆ వాసనకు ముద్ద దిగడం లేదు."

"గాలొస్తే మందు పోతుంది."

"పోతే పోనీవే. ముందు నేను పోయేలా ఉన్నాను."

"ఆస్పత్రి రూటు అక్కా నీది. నలుగురెక్కితే ముగ్గురు అక్కడివాళ్ళే. ఆ ఒక్కటీ తెరిస్తే మిగతా ఇరవై ఒకటీ మూసి ఏం లాభం?"

గదిలోంచి బావగారు కల్పించుకుని, ఆ అమ్మాయి నీ మంచికేగా చెబుతోంది, ఈ రెండు నెలలూ ఓర్చుకోరాదా అన్నారు. అక్క చేతిలో గరిట పట్టుకుని నా వైపు చూస్తూ నిలబడింది. పదకొండేళ్ళలో ఆవిడ నన్ను అంతసేపు చూడటం నేనెరగను.

"నా కోసం కొడుతున్నావా?" అంది.

"బస్సు కోసం" అన్నాను.

నవ్వింది. నవ్వి, నేను తుడిచిపెట్టిన పొయ్యి మీద మళ్ళీ తుడవకుండానే గిన్నె ఎక్కించింది.

ఆ తర్వాత ఎన్నడూ ఆ అద్దం జోలికి పోలేదు. పైగా ఎవరైనా కిటికీ తెరవబోతే ఒంటికాలి మీద లేచేదట. ఆ బస్సు డ్రైవరు నాకు చెప్పాడు. కాలేజీ కుర్రాడెవడో ఉక్కపోస్తోందని అద్దాన్ని పీకుతుంటే, ఈవిడ టికెట్ మిషను మెళ్ళో వేసుకుని వెనకదాకా వెళ్ళి, మా చెల్లెలు పొద్దున్నుంచి వీపు విరుచుకుని మందు కొట్టింది, నీ సుఖం కోసం కాదు, చేయి తియ్యి అందట. మా చెల్లెలు అందట. నేను ఆ మాట విని, పంపు నింపుకునే వంకతో బస్సు వెనక్కి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను. డిపోకు నడిచేటప్పుడు మా మధ్య ఆరడుగులూ మెల్లగా మూడయ్యాయి. అప్పుడప్పుడూ మాటలు కూడా వచ్చేవి. మందు కొట్టేటప్పుడు గ్లవ్సులు వేసుకోమనేది. వేసుకుంటే పంపు మీట జారిపోతుందని నేననేదాన్ని. అరచేతులు ఎలా అయ్యాయో చూపించమని అడిగితే చూపించేదాన్ని కాదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున, అప్పుడే ఆవిడ బస్సుకు రెండోసారి మందు కొట్టి పంపు దించాను. వీపు తడి ఇంకా ఆరలేదు. ఆవిడ మిషనూ సంచీ పట్టుకుని బస్సెక్కి, ముక్కు ఎగబీల్చి, మెట్ల మీదనుంచి నన్ను పిలిచింది.

"ఇవాళ మందు కొట్టలేదేంటే?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ బస్సులో నిలబడితే నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ఈవిడకేమో కొట్టలేదట. "కొట్టాను" అన్నాను.

"వాసన రావడం లేదు మరి."

పాత బుద్ధి మళ్ళీ బయటపడింది అనుకున్నాను. నేను చేసిన పనికి వంక పెట్టకపోతే ఆవిడకు పూట గడవదు అనుకున్నాను. పంపు నింపుకుని, మొదటి సీటునుంచి చివరి సీటుదాకా మూడోసారి కొట్టాను. ఒక్కో బిరడా దగ్గరా ఆగి మడమతో ఇంకో దెబ్బ వేశాను. దిగి, "ఇప్పుడొస్తోందా?" అన్నాను. ఆవిడ మూతిగుడ్డ కొంచెం కిందికి లాగి వాసన చూసింది.

"ఆఁ, వస్తోందిలే" అంది.

రాలేదని నాకిప్పుడు తెలుసు. నా మొహం చూసి అన్న మాట అది.

ఆ రోజూ ఆ తర్వాత రెండు రోజులూ డ్యూటీ చేసింది. మూడోరోజు సాయంత్రం ఒళ్ళు కాలిపోతూ ఇంటికొచ్చింది. వాసన తెలియకపోవడమే ఆ జబ్బుకు తొలి గుర్తని పేపర్లో చదివాం, కాకపోతే పదిరోజులు ఆలస్యంగా. మా డిపోలో అప్పటికి వాసన పోవడమంటే మందు పోవడమే.

తీసుకుపోవడానికి వ్యాను వచ్చింది. ఎవరూ వెంట రాకూడదన్నారు. తనే నడిచి ఎక్కింది. ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకోబోయి, మళ్ళీ చేయి వెనక్కి తీసుకుని, మోచేత్తో ఆనుకుని ఎక్కింది. ఆ జాగ్రత్త చూసి నాకు ఏడుపాగలేదు. మమ్మల్ని పద్నాలుగు రోజులు గడప దాటొద్దన్నారు. మా ముగ్గురిలో ఎవరికీ తుమ్మైనా రాలేదు.

నాలుగోరోజు నా ఫోనుకు చేసింది. బావగారికి చేయకుండా నాకెందుకు చేసిందో తెలియదు. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. అన్నం పెడుతున్నారా అన్నాను, పెడుతున్నారంది. కిటికీ పక్క మంచం ఇచ్చారని చెప్పింది.

"గాలి వస్తోందే. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో." ఆగింది. "నువ్వు చూస్తే... బిరడా కొడతావు."

నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, గాలి ఎక్కువ తగలనీయకు అక్కా, మూయమని నర్సుకు చెప్పు అన్నాను. అవును, నేనే అన్నాను. ఆవిడతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే.

తొమ్మిదోరోజు పొద్దున ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. బావగారు తీశారు. వినగానే దాన్ని నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. అవతల ఆడమనిషి ఎవరో చాలా మర్యాదగా, ముందే రాసుకున్న కాగితం చదువుతున్నట్టు చెప్పింది. అక్క మొహం ఆఖరిసారి కూడా చూపించలేదు. చూడటానికి ఇంట్లోంచి ఒక్కరికి కూడా వీల్లేదన్నారు.

పద్నాలుగు రోజులూ అయ్యాక డ్యూటీకి వెళ్ళాను. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది. డిపోలో అందరూ నా దగ్గరకొచ్చి, దూరంగా నిలబడి, అనాల్సిన నాలుగు మాటలూ అన్నారు. మళ్ళీ పంపు తగిలించుకున్నాను. ఆవిడ బస్సుకు వేరే కండక్టరు వచ్చాడు. అయినా దానికి రెండుసార్లు కొట్టడం మానలేదు, చేతులకు అలవాటైపోయింది.

ఇంకో పది రోజులకు గోడమీద పాత కాగితం చించి కొత్తది అంటించారు. మేస్త్రీ ఎప్పటిలాగే వేలు పెట్టి చదివాడు. బస్సులు నడుచునంతసేపు కిటికీలన్నియు తెరిచి ఉంచవలెను. ఆ కింద ఇంకో నాలుగు ముక్కలున్నాయి. అవి చదువుతుంటే అతని గొంతు తగ్గిపోయింది. జబ్బు కడ్డీల మీదనుంచి కన్నా గాలిలోంచే ఎక్కువగా అంటుకుంటోందట. మూసిన చోట ఒకరు వదిలిన ఊపిరే మిగతావాళ్ళంతా పీల్చాల్సి వస్తుందట. మందు కొట్టినా కొట్టకపోయినా ముందు గాలి ఆడాలట. చదవడం అయ్యాక నా వైపు ఎవరూ చూడలేదు. మేస్త్రీ పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవర్లు తీసి తలా ఒకటి ఇచ్చాడు. నా దాకా వచ్చేసరికి, నువ్వు ఇవాళ కడ్డీలు తుడువమ్మా చాలు అన్నాడు. నేను చేయి చాచే నిలబడ్డాను. ఇచ్చాడు.

అక్క బస్సు నేనే తీసుకున్నాను. ఇరవై రెండు అద్దాలు. కొట్టినప్పుడు రెండు దెబ్బలకు దిగినవి తీసేటప్పుడు రాలేదు. ఆ మూడోసారి వేసిన దెబ్బలకు రబ్బరు గాడిలో అతుక్కుపోయింది. గోళ్ళతో, స్క్రూడ్రైవరుతో, ముక్కలు ముక్కలుగా పెరికాను. కండక్టరు సీటు పక్కనున్న రెండూ అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టాయి. అద్దం జరగ్గానే గాలి సర్రున మొహానికి కొట్టింది. ఆ సీటు మీద కూలబడిపోయాను. ఆవిడ ఉడికిపోతున్నానంది. కళ్ళు మంటలంది. తలపిన్ను పెట్టి తన ఊపిరి తను తెచ్చుకుంటే, నేను వెళ్ళి దానికి రెండు బిరడాలు కొట్టొచ్చాను.

డ్రైవరు ఎక్కి నన్ను చూసి, ఓదార్చాలనే అనుకున్నాడు పాపం. మనకేం తెలుసమ్మా, అంత చదువుకున్నవాళ్ళకే తెలియలేదు అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

"నాకు రాలేదు చూడు. అదే బస్సు, అదే ఆస్పత్రి రూటు. నా పక్క కిటికీకి నువ్వు బిరడా కొట్టలేదుగా, మలుపుల దగ్గర చేయి చూపించాలని వదిలేశావు. దాంతో బతికిపోయాను."

అది ఒక్క బస్సు. అలాంటివి నలభై. ఒక్కోదాంట్లో రోజుకు ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగి ఏ ఇళ్ళకు పోయారో. ఫోటోలు వెళ్ళిన మిగతా డిపోల సంగతి తలుచుకోవడానికే భయం వేసింది. ఆనాటినుంచి డిపోలో నన్నెవరూ బిరడా అనలేదు. ఎవరూ మానేద్దామని చెప్పుకుని ఉండరు, ఎవరికి వారే మానేశారు. అమ్మా అనేవారు. తిట్టినా బాగుండేది.

మా ఆయనకు చెప్పాను. సాంతం విని, చాలాసేపు తల గోక్కుంటూ కూర్చున్నాడు. అన్నయ్యకు చెప్పకు అన్నాడు. చెబితే పోయిన మనిషి రాదు, ఉన్న మనిషి కూడా విరిగిపోతాడు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "మీ ఇద్దరికీ పడదని వీధంతటికీ తెలుసు."

నేను నా జన్మలో ఎవరికోసమైనా మనస్ఫూర్తిగా చేసిన పని అదొక్కటే. దాన్నే పగబట్టి చేశావంటే కాదనడానికి నా దగ్గర ఏముంది?

అయినా ఉండలేకపోయాను. తిండి పోయింది, నిద్ర పోయింది. ఒకే ఇంట్లో ఉంటూ, అన్నం పెట్టేటప్పుడు ఆ మనిషి కళ్ళలోకి చూడలేకపోతే ఎలా బతకడం? ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన బయటికి వెళ్ళాడు. బావగారు మిషను దగ్గర ఉన్నారు. మూతిగుడ్డలు కుట్టే పని దొరికింది ఆయనకు, పక్కన కుప్పగా పడున్నాయి. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నాలుగు రోజులుగా కూడగట్టుకున్న మాటల్లో రెండే బయటికొచ్చాయి.

"బావగారూ, అక్క బస్సు కిటికీలు నేనే మూశాను. కదలకుండా మూశాను."

మిషను ఆగింది. ఆయన దారం తెంపి, గుడ్డ పక్కన పెట్టి, కళ్ళజోడు తీశారు.

"తెలుసమ్మా. రోజూ చెప్పేది నాతో. అందరి బస్సులకూ ఒకసారి కొడితే నా బస్సుకు రెండుసార్లు కొడుతుంది, నాకు తెలియదనుకుంటోంది అని నవ్వేది." కళ్ళజోడు అద్దాలు చొక్కాకు తుడుచుకున్నారు. "నువ్వు మూసినన్నాళ్ళూ తనకేమీ కాలేదు. ఏదో ఒకరోజు ఎవడో తీసుంటాడు. తను చూసుండదు."

"బావగారూ..."

"ఉక్కపోసి తీసుంటాడులే పాపం. ఏం జరుగుతుందో వాడికి మాత్రం ఏం తెలుసు? ఎన్నో రోజులు వాణ్ని తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోవడం లేదు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన తల ఎత్తి చూస్తున్నారు. ఆ కళ్ళలో నామీద రవ్వంత అనుమానం ఉన్నా చెప్పేసేదాన్ని. లేదు.

"అయ్యుంటుంది బావగారూ" అన్నాను.

ఆయన తల పంకించి, కళ్ళజోడు పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. లేని మనిషినెవడినో ఆయన క్షమించేశారు. నన్ను క్షమించమని అడిగే దారి నాకు ఇక లేదు.